ఐపీఈ హాజరు ఎక్కడ రాసుకోవాలి: లాగ్‌బుక్కా, గూగుల్ షీటా, మూడిలా, కొనే సాఫ్ట్‌వేరా?

ఒకే గేటు లోపల మెడికల్ కాలేజీ, నర్సింగ్ కాలేజీ, ఫార్మసీ, ఫిజియోథెరపీ, మధ్యలో ఆసుపత్రి. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి క్యాంపస్‌లకు కొదవ లేదు. ఈ నాలుగు కాలేజీల పిల్లల్నీ ఒక చోట చేర్చి, ఒకే రోగి కేసు మీద కలిసి పనిచేయించడాన్ని ఇంటర్‌ప్రొఫెషనల్ ఎడ్యుకేషన్ అంటున్నారు, పొట్టిగా ఐపీఈ. కార్యక్రమం జరిగాక బ్యానర్ ముందు ఫొటోలు మిగులుతాయి, సర్టిఫికెట్లు మిగులుతాయి. "ఈ అమ్మాయి చేరినప్పటి నుంచి ఎన్నింటికి వచ్చింది? ఏయే కోర్సుల వాళ్లతో కూర్చుని పనిచేసింది?" అని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల పద్ధతిని ఎంచుకోవడం గురించే ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం దాచుకోను: కొత్తగా మొదలుపెట్టే క్యాంపస్‌కి గూగుల్ ఫారం, షీట్ చాలు. పాఠాలు ఆన్‌లైన్‌లో నడపడానికి వాడే మూడిల్ అన్న సాఫ్ట్‌వేర్ అందరికీ ఒకటే నడుస్తుంటే అది ఇంకా మేలు. లక్షలు పోసి కొనే సాఫ్ట్‌వేర్ చివరి మాట. అయితే వీటిలో ఏదైనా పనిచేయాలంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు రెండున్నాయి. అవి తేలకపోతే ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా దండగే.

దేన్ని లెక్కపెడుతున్నాం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, రెండు లేదా అంతకంటే ఎక్కువ వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకుంటేనే అది ఐపీఈ. ఆడిటోరియంలో మూడొందల మందిని కూర్చోబెట్టి సీపీఆర్ మీద లెక్చర్ ఇప్పిస్తే అది మంచి లెక్చర్ అవుతుంది, ఐపీఈ కాదు. ఎంబీబీఎస్ వాళ్లు ముందు వరుసల్లో, నర్సింగ్ వాళ్లు వెనక వరుసల్లో కూర్చుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతే అక్కడ కలిసి నేర్చుకున్నది ఏమీ లేదు. కాబట్టి "హాలుకి వచ్చారా" అన్న హాజరు మనకు పెద్దగా పనికిరాదు. "ఎవరితో కూర్చున్నారు" అన్నది కావాలి.

ఇది ఎందుకు ముఖ్యమో సీట్ల లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక బ్యాచ్‌లో 150 మంది ఎంబీబీఎస్ పిల్లలు ఉన్నారనుకుందాం. ఫార్మసీ కాలేజీలోని ఫార్మ్‌డి కోర్సులో ఏడాదికి చేర్చుకునేది 30 మందినే. ఒక్కో గ్రూపులో ఇద్దరు ఎంబీబీఎస్ వాళ్లను వేస్తే 75 గ్రూపులు తయారవుతాయి. ఫార్మ్‌డి వాళ్లను తలా ఒక గ్రూపుకి పంచితే 30 గ్రూపులకే సరిపోతారు. మిగతా 45 గ్రూపుల్లో మందుల సంగతి చెప్పే విద్యార్థే ఉండడు. పోనీ 30 గ్రూపులే చేద్దామంటే ఒక్కో దాంట్లో ఐదుగురు ఎంబీబీఎస్ వాళ్లు, వాళ్లకు తోడు నర్సింగ్, ఫిజియోథెరపీ వాళ్లు. పదిమంది గ్రూపులో నలుగురు మాట్లాడతారు, ఆరుగురు ఫోన్ చూసుకుంటారు.

దీనికి మందు ఒక్కటే. ఈసారి ఫార్మ్‌డి వాళ్లు దొరకని గ్రూపుల పిల్లలకు వచ్చేసారి దొరికేలా చూడాలి. అలా చూడాలంటే ఎవరికి ఎవరు దొరికారో రాసి ఉండాలి. అందుకని ప్రతి నమోదులో విద్యార్థి, కార్యక్రమం, తేదీతో పాటు గ్రూపు నంబరు తప్పనిసరి. ఏ పద్ధతి ఎంచుకున్నా నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: గ్రూపు నంబరు ఇందులో నిలుస్తుందా? రెండేళ్ల తర్వాత కూడా బయటికి తీయగలమా?

నాలుగు కాలేజీలు, నాలుగు రకాల నంబర్లు

రెండో చిక్కు మన దగ్గర మరీ ఎక్కువ. ఆంధ్రలో ఎంబీబీఎస్, నర్సింగ్, ఫిజియోథెరపీ కోర్సులు విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందికి. ఫార్మసీ కాలేజీ మాత్రం చాలాచోట్ల జేఎన్‌టీయూకో మరో సాధారణ విశ్వవిద్యాలయానికో అనుబంధంగా ఉంటుంది. గోడకు అటూ ఇటూ ఉన్న రెండు కాలేజీల హాల్ టికెట్ నంబర్లకు పొంతన ఉండదు. డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు ఈ బాధ తక్కువ, అందరూ ఒకే గొడుగు కింద ఉంటారు కాబట్టి.

క్యాలెండర్లూ అంతే. బీఎస్సీ నర్సింగ్ 2021 నాటి కొత్త సిలబస్‌తో సెమిస్టర్లకు మారింది. ఫార్మ్‌డి ఇంకా సంవత్సరాల పద్ధతే, ఐదేళ్ల చదువు మీద ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ఎంబీబీఎస్ ఫేజుల్లో నడుస్తుంది. "థర్డ్ ఇయర్ వాళ్లందరూ" అని సర్క్యులర్ వేస్తే నాలుగు కాలేజీల్లో నాలుగు అర్థాలు.

ఆఫీసు మనిషికి ఇవన్నీ చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ, పేర్లతో జాబితాలు కలపడానికి కూర్చున్నప్పుడు తెలుస్తుంది టెన్షన్ అంటే ఏమిటో. ఒకే బ్యాచ్‌లో ముగ్గురు సాయి తేజలు, ఇద్దరు కె. లావణ్యలు ఉంటారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క అక్షరమే. కాబట్టి క్యాంపస్ మొత్తానికి ఒక సొంత కోడ్ పెట్టుకోండి. చేరిన సంవత్సరం, కోర్సు, వరుస సంఖ్య ఉంటే చాలు. ఆధార్ నంబరు మాత్రం అడగొద్దు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, అవసరం లేని గుర్తింపు నంబర్లు పోగేసుకుని మనకు ఒరిగేది కూడా ఏమీ లేదు.

లాగ్‌బుక్

ఎంబీబీఎస్‌లో 2019 బ్యాచ్ నుంచి సామర్థ్య ఆధారిత పాఠ్యక్రమం వచ్చింది, దానితో పాటు లాగ్‌బుక్ తప్పనిసరి అయింది. నర్సింగ్‌లోనూ రికార్డులు, లాగ్‌బుక్కులు ఉన్నవే. కొత్తగా ఏమీ కొనక్కర్లేదు, ఒక పేజీ చేరిస్తే సరిపోతుంది: కార్యక్రమం, తేదీ, నా గ్రూపులో ఎవరెవరు ఏ కోర్సు నుంచి, నేను నేర్చుకున్నది నాలుగు ముక్కల్లో, గ్రూపుని నడిపించిన లెక్చరర్ (ఫెసిలిటేటర్) సంతకం.

సంతకం ఉంటుంది కాబట్టి తనిఖీకి వచ్చినవాళ్లు దీన్ని నమ్ముతారు. విద్యార్థి చేత్తో రాస్తాడు కాబట్టి ఎంతో కొంత ఆలోచిస్తాడు కూడా. కానీ లెక్కతీయడం అసాధ్యం. మూడొందల పుస్తకాలు తిరగేసి ఫార్మ్‌డి వాళ్లను కలవని ఎంబీబీఎస్ పిల్లలెవరో ఎవరు తేలుస్తారు? అదీగాక పరీక్షల ముందు వారం అన్ని పేజీలూ ఒకే ఇంకుతో, ఒకే రాతతో నిండిపోయే సంగతి అందరికీ తెలిసిందే. లాగ్‌బుక్‌ని రుజువుగా ఉంచుకోండి, లెక్కకు వేరేది చూసుకోండి.

గూగుల్ ఫారం, షీట్

దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఎక్కువ. సరిగ్గా కడితే ఇది చాలా దూరం వస్తుంది. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ప్రతి కార్యక్రమానికీ ఒక కొత్త ఫారం, దానికో కొత్త షీట్ తయారుచేస్తారు. రెండేళ్లు తిరిగేసరికి డ్రైవ్‌లో నలభై షీట్లు, ఒక్కోదాంట్లో కాలమ్‌ల పేర్లు ఒక్కో రకం. ఒకదాంట్లో "రోల్ నం.", ఇంకోదాంట్లో "ఐడీ", మరోదాంట్లో అసలు లేనే లేదు.

దానికి బదులు ఒకే ఫైల్‌లో మూడు షీట్లు పెట్టండి. మొదటిది విద్యార్థులది: కోడ్, పేరు, కోర్సు, చేరిన సంవత్సరం. ఇది కాలేజీల నుంచి ఏడాదికోసారి తెచ్చుకునేది, విద్యార్థులు నింపేది కాదు. రెండోది కార్యక్రమాలది: కార్యక్రమం కోడ్, తేదీ, ఎన్ని గంటలు, ఏ రకం, ఏ నైపుణ్యం కోసం. మూడోది హాజరు: విద్యార్థి కోడ్, కార్యక్రమం కోడ్, గ్రూపు నంబరు. అంతే. పేరూ కోర్సూ మళ్లీ మళ్లీ టైపు చేయించొద్దు, కోడ్ ఉంటే లుకప్ ఫార్ములా తెచ్చిపెడుతుంది. పివట్ టేబుల్ తెలిసిన క్లర్క్ ఒకరుంటే పైన చెప్పిన ప్రశ్నలకు అప్పటికప్పుడు జవాబు దొరుకుతుంది.

షీట్ నిండిపోతుందేమో అని భయపడేవాళ్ల కోసం ఒక లెక్క. బ్యాచ్‌కి 300 మంది, ఐదు బ్యాచ్‌లు, తలా ఏడాదికి నాలుగు కార్యక్రమాలు అనుకుంటే ఏడాదికి 6,000 వరుసలు. ఎనిమిది కాలమ్‌లు వేసుకున్నా 48,000 గళ్లు. గూగుల్ షీట్ ఒక ఫైల్‌లో కోటి గళ్ల దాకా పడతాయి. నిండటం అసలు సమస్యే కాదు.

దొంగ హాజరే సమస్య. తెర మీద క్యూఆర్ కోడ్ వేయగానే ఒకడు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు, హాస్టల్ మంచం మీద నుంచి అరవై మంది "హాజరు" అవుతారు. కాలేజీ ఈమెయిల్‌తో సైన్ ఇన్ తప్పనిసరి చేసి, ఒకరికి ఒక జవాబే అని పెడితే ఒకడు పదిమందికి వేసే పని కొంత తగ్గుతుంది కానీ, మంచం మీద నుంచి వేసేవాడు ఆగడు. నాకు నచ్చిన పద్ధతి వేరు. విద్యార్థుల చేత నింపించడం మానేసి ఫెసిలిటేటర్ చేత గ్రూపుకి ఒకసారి నింపించండి. ఆరుగురి కోడ్‌లు, గ్రూపు నంబరు, రెండు నిమిషాల పని. ఎదురుగా లేని మనిషి కోడ్‌ని లెక్చరర్ వేయడు. పైగా గ్రూపు నంబరు తప్పులు కూడా పోతాయి, పిల్లలు తమ గ్రూపు నంబరు మరిచిపోవడం మామూలే కాబట్టి. ఒక జవాబులో వచ్చిన ఆరు కోడ్‌లను హాజరు షీట్‌లో ఆరు వరుసలుగా విడదీయాలి. అదొక్కటే అదనపు పని.

మూడిల్

మూడిల్ ఉచితం, కానీ సర్వర్ ఉచితం కాదు, దాన్ని చూసుకునే మనిషి ఉచితం కాదు. క్యాంపస్‌లో ఇప్పటికే మూడిల్ నడుస్తూ, నాలుగు కాలేజీల పిల్లలకూ అందులో ఖాతాలుంటే మాత్రం షీట్ కంటే ఇది చాలా నయం. ఖాతాలో "వృత్తి" అని ఒక అదనపు గడి పెట్టుకోవచ్చు. అటెండెన్స్ ప్లగిన్‌లో కొద్ది సెకన్లకోసారి మారిపోయే క్యూఆర్ కోడ్ సదుపాయం ఉంది, ఫొటో తీసి పంపేలోపు అది పాతబడిపోతుంది. కేసు వివరాలు, ముందు చదవాల్సినవి, తర్వాత రాయాల్సిన అనుభవ వ్యాసం అన్నీ ఒకే చోట ఉంటాయి. పూర్తిచేసినవాళ్లకు డిజిటల్ బ్యాడ్జి (ఆన్‌లైన్ సర్టిఫికెట్ లాంటిది) ఇచ్చే ఏర్పాటూ అందులోనే ఉంది.

గ్రూపుల దగ్గర జాగ్రత్త పడాలి. కోర్సులో ఒకసారి చేసిన గ్రూపుల్ని తర్వాతి కార్యక్రమానికి కలిపేసి కొత్తగా పంచితే పాత గ్రూపుల చరిత్ర పోతుంది. మూడిల్ ఇప్పుడు ఎవరు ఏ గ్రూపులో ఉన్నారో చెబుతుంది, నిరుడు ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పదు. అందుకని ప్రతి కార్యక్రమానికీ వేరే గ్రూపింగ్ చేసి, గ్రూపు పేరులోనే కార్యక్రమం కోడ్ పెట్టండి. కార్యక్రమం అయిన వెంటనే జాబితాని దించి దాచుకోండి.

మెడికల్ కాలేజీకి మాత్రమే మూడిల్ ఉండి, నర్సింగ్ వాళ్లను "గెస్ట్"లుగా రానిచ్చే ఏర్పాటు నాకు నచ్చదు. సాంకేతికంగా అతిథి హాజరు సరిగ్గా నమోదు కాదు, అది ఒక కారణం. కలిసి పనిచేయడం నేర్పే కార్యక్రమంలో ఒక కాలేజీ ఆతిథ్యమిచ్చేది, మిగతావి అతిథులు అయితే ఏం నేర్పినట్టు? అలాంటప్పుడు షీటే మేలు.

కొనే సాఫ్ట్‌వేర్లు

అమెరికాలో ఈ లెక్కలకు పట్టుదల ఎక్కువ, ఎందుకంటే గుర్తింపు ఇచ్చే సంస్థలు అడుగుతాయి. వైద్య కళాశాలలకు ఎల్‌సీఎంఈ ప్రమాణాల్లో 7.9 అంశం ఇదే. ఫార్మసీకి ఏసీపీఈ 2016 ప్రమాణాల్లో 11వది ఇదే ఉండేది. అడిగేవాళ్లున్నారు కాబట్టి అమ్మేవాళ్లూ ఉన్నారు. మెడ్‌హబ్ వైద్య విద్య వైపు, కోర్ ఈఎల్ఎంఎస్ ఫార్మసీ వైపు, టైఫాన్ నర్సింగ్ వైపు, ఎగ్జాట్ ఫిజికల్ థెరపీ లాంటి కోర్సుల వైపు బాగా వాడుకలో ఉన్నాయి.

ఈ జాబితాలోనే చిక్కు కనిపిస్తోంది కదా. ఇవన్నీ ఒక్కో కోర్సు క్లినికల్ పోస్టింగులు చూసుకోవడానికి పుట్టినవి: ఎవరికి ఏ ఆసుపత్రి, ఎన్ని గంటలు, అక్కడ పని నేర్పే ప్రిసెప్టర్ ఎన్ని మార్కులిచ్చాడు. ఆ పని చక్కగా చేస్తాయి. ఒక విశ్వవిద్యాలయంలో నాలుగు కోర్సులు నాలుగు సాఫ్ట్‌వేర్లు కొనుక్కున్నాక, ఐపీఈ ఆఫీసు మళ్లీ నాలుగింటి నుంచీ ఎక్సెల్ ఫైళ్లు తెప్పించుకుని కలుపుకోవాల్సిందే. మన కాలేజీల్లో ఫీజులు, హాజరు చూసుకునే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్లదీ ఇదే జబ్బు. హాజరు అంటే "ఒక సెక్షన్, ఒక సబ్జెక్టు, ఒక పీరియడ్" అని కట్టేశారు. నాలుగు కాలేజీలు కలిసిన పీరియడ్‌కి అందులో చోటు లేదు.

అమ్మేవాళ్లు డెమో చూపించినప్పుడు డాష్‌బోర్డు రంగులు చూసి మురిసిపోకండి. రెండు వేర్వేరు కాలేజీల విద్యార్థుల్ని ఒక గ్రూపులో వేసి చూపించమనండి. తర్వాత "ఫార్మ్‌డి విద్యార్థితో ఎప్పుడూ కలిసి పనిచేయని ఫైనలియర్ ఎంబీబీఎస్ వాళ్ల జాబితా" తీసి చూపించమనండి. "అది కస్టమైజేషన్ సార్" అన్నారంటే అందులో లేదని అర్థం. ఒప్పందం ముగిశాక మన డేటా ఏ రూపంలో తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి.

ఇవి ఎప్పుడు కొనాలి? పోస్టింగుల నిర్వహణ కోసం ఎలాగూ కొంటున్నప్పుడు, అదీ క్యాంపస్ అంతటికీ ఒకటే కొంటున్నప్పుడు. ఐపీఈ ఒక్కదాని కోసం కొనడం నా దృష్టిలో వృథా ఖర్చు.

రెడ్‌క్యాప్, బ్యాడ్జీల సంగతి

రెడ్‌క్యాప్ వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో 2004లో పుట్టిన పరిశోధన డేటా సాధనం. లాభాపేక్ష లేని సంస్థలు దాని కన్సార్టియంలో చేరితే ఉచితం. హాజరు కోసం ఇది బరువైన పనిముట్టు. కానీ ఐపీఈ వల్ల విద్యార్థుల ధోరణి మారిందా అని చూడాలనుకుంటే, ఉదాహరణకు 1999లో వచ్చిన 19 ప్రశ్నల రిప్ల్స్ ప్రశ్నావళి లాంటిది ముందూ తర్వాతా ఇవ్వాలనుకుంటే, దీనికి మించింది లేదు. ఎవరు ఎప్పుడు ఏ గడి మార్చారో కూడా రాసిపెట్టుకుంటుంది. ఒక్క సలహా: ఈ ప్రశ్నావళిని హాజరు ఫారంలో కలపొద్దు. హాజరు పడాలని పిల్లలు అన్నింటికీ "పూర్తిగా అంగీకరిస్తున్నాను" నొక్కి లేచిపోతారు.

డిజిటల్ బ్యాడ్జీలు లెక్కతీసే సాధనం కాదు, లెక్క తీశాక ఇచ్చే బహుమతి. పై చదువులకు విదేశాలకు వెళ్లాలనుకునే పిల్లలు వీటిని అడుగుతారు, ఇస్తే తప్పు లేదు.

గంటలా, పాయింట్లా, మెట్లా?

కార్యక్రమాలన్నీ ఒకే బరువువి కావు. స్ట్రోక్ రోగిని ఇంటికి పంపే ప్రణాళిక మీద రెండు గంటల కేసు చర్చ ఒకటి. ఎంబీబీఎస్ పిల్లలు కుటుంబ దత్తత కార్యక్రమం కింద వెళ్లే ఊరికే నర్సింగ్ విద్యార్థుల కమ్యూనిటీ పోస్టింగ్ కూడా వేయించి, ఒకే ఇంటిని ఏడాది పొడుగునా ఇద్దరి చేతా చూపించడం ఇంకొకటి. రెండూ "ఒక కార్యక్రమం" అని రాస్తే రెండోదానికి అన్యాయం. గంటలు లెక్కపెడితే మళ్లీ హాల్లో నిద్రపోయిన గంటలే పెరుగుతాయి.

టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు వాడే మూడు మెట్లు నాకు సబబుగా అనిపిస్తాయి: పరిచయం, లోతుగా దిగడం, సొంతంగా చేయగలగడం. కార్యక్రమాల షీట్‌లో "ఏ రకం" అన్న కాలమ్‌లో ఈ మూడింట్లో ఒకటి వేస్తే సరి. "ఏ నైపుణ్యం" అన్న కాలమ్‌కి అమెరికాలో ఐపీఈ కోసం ఆరోగ్య విద్యా సంఘాలు కలిసి పెట్టుకున్న ఐపెక్ చెప్పిన నాలుగు చాలు: విలువలు, ఎవరి పాత్ర ఏమిటి, సంభాషణ, జట్టు పని. 2023లో సవరించాక దాంట్లో 33 ఉప అంశాలున్నాయి. ప్రతి కార్యక్రమానికీ అవన్నీ టిక్ పెట్టించాలని చూడకండి, లెక్చరర్లు అన్నింటికీ టిక్ పెట్టి పంపుతారు, తర్వాత ఆ కాలమ్ ఎందుకూ పనికిరాదు.

మీ క్యాంపస్‌కి ఏది?

కాలేజీలు వేర్వేరు విశ్వవిద్యాలయాల కింద ఉండి, ఏడాదికి రెండు మూడు కార్యక్రమాలే జరుగుతుంటే షీట్‌తో మొదలుపెట్టండి, లాగ్‌బుక్ పేజీ దానికి తోడు. డీమ్డ్ విశ్వవిద్యాలయం, ఐటీ విభాగం, అందరికీ ఒకే లాగిన్ ఉంటే నేరుగా మూడిల్‌కి వెళ్లండి. షీట్ నుంచి మూడిల్‌కి తర్వాత మారాలనుకున్నా ఇబ్బంది లేదు, విద్యార్థి కోడ్, కార్యక్రమం కోడ్ శుభ్రంగా ఉంటే సీఎస్‌వీ ఫైల్‌గా ఎక్కించుకోవచ్చు. కాలేజీలకు గుర్తింపు ఇచ్చే నాక్ గత ఏళ్ల సమాచారం అడుగుతుంది కాబట్టి మారేటప్పుడు పాత ఫైల్‌ని తీసేయకండి.

ఏది ఎంచుకున్నా అనుభవ వ్యాసాల్లో రోగి పేరు, ఓపీ నంబరు, ఊరు రాయొద్దని పిల్లలకు ముందే చెప్పండి. నిజమైన కేసు మీద రాసినప్పుడు వాళ్లకు తెలియకుండానే రాసేస్తుంటారు.

ఇక ఫైల్ ఎవరి ఖాతాలో ఉందో ఈ రోజే చూసుకోండి. చాలాచోట్ల ఉత్సాహం ఉన్న ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ సొంత జీమెయిల్‌లో ఇదంతా నడుస్తుంటుంది. ఆవిడ ఉద్యోగం మారితే నాలుగేళ్ల లెక్క ఆవిడతోనే వెళ్లిపోతుంది. డీన్ ఆఫీసు పేరు మీద ఒక ఖాతా తెరిపించి, ఫైల్ యాజమాన్యం దానికి మార్చి, నాలుగు కాలేజీల నుంచి తలా ఒకరికి ఎడిట్ హక్కు ఇవ్వండి. మిగతావాళ్లకు చూసే హక్కు చాలు.